పది అంగుళాల బట్టల దుకాణం: ఒక బొమ్మరిల్లు కిట్ మీద టైలరు మాట

కింద బట్టలు కుట్టే దుకాణం, మీద ఆ కుట్టే మనిషి ఉండే గది. తొమ్మిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తు. చెక్క ముక్కలు, అచ్చు కాగితాలు, బట్ట పేలికలు, తీగలు, పూసలు అన్నీ విడివిడిగ ఒక పెట్టెల పెట్టి పంపుతరు. ఇల్లు మనమే నిలబెట్టుకోవాలె, సామాను మొత్తం మనమే తయారుచేసుకోవాలె. చైనాల తయారైన ఈ బొమ్మరిల్లు కిట్ నేను ఆన్‌లైన్‌ల 2,400 రూపాయలకు కొన్న. కంపెనీ పేరు రాస్తలేను. ఇట్లాంటివి చాలా కంపెనీలు దాదాపు ఒకే తీరుగ చేసి అమ్ముతున్నయి కాబట్టి, పెట్టెల ఏమున్నది, అది చేతికి ఎట్ల వస్తది అన్నదే కొనేటోళ్ళకు అక్కరకొస్తది.

నేను మహబూబ్‌నగర్ల మెట్టుగడ్డ దిక్కు బ్లౌజులు, చుడీదార్లు కుడుత. పెండ్లి కాకముందు నుంచి చేతుల టేపు, కత్తెరే. అందుకే ఈ కిట్‌ను చూసింది కొలత దిక్కు నుంచి, బట్ట దిక్కు నుంచి. వడ్లాయన చూస్తే ఇంకో తీరుగ చెప్తడు కావచ్చు. నా మాట ఒక్కటే: కొలత కుదిరిన చోట ఈ ఇల్లు మనిషి ఉండే ఇల్లే అనిపిస్తది, కొలత తప్పిన చోట ఒక్కసారే ఆటబొమ్మ అయిపోతది. ఆ తేడా అన్నిటికన్నా ఎక్కువ కనపడేది బట్టల దగ్గర. కిట్ చేసినోళ్ళు తక్కువ పట్టించుకున్నది కూడా అక్కడ్నే.

ముందు కొలత సంగతి చెప్త. ఈ కిట్ 1:24. అంటే అసలు ఇంట్ల రెండు అడుగులున్నది ఇక్కడ ఒక అంగుళం. ఏడడుగుల దర్వాజ మూడున్నర అంగుళాలు. మిషన్ ముందర వేసుకొని కూసునే స్టూలు అసలుది అడుగున్నర ఎత్తు ఉంటే, ఇక్కడ ముప్పావు అంగుళం. పెట్టె రాంగనే నేను చేసిన మొదటి పని టేపు పట్టుకొని, ఎట్ల చెయ్యాల్నో చూపించే బొమ్మల పుస్తకంల ఉన్న సామానంతా లెక్క కట్టుడు. దర్వాజ సరిపోయింది. మిషన్ బల్ల ఒకటింబావు అంగుళం, అంటే ముప్పై అంగుళాల బల్ల, సరిగ్గ నా బల్లంత. మీది గదిల మంచం, అల్మారా, వంట గట్టు అన్నీ ఒక మనిషి ఎత్తుకు తగ్గట్టే ఉన్నయి. ఇది చిన్న విషయం కాదు. చవక బొమ్మల సెట్లల కుర్చీ దర్వాజంత ఉంటది, గిన్నె కుర్చీ అంత ఉంటది. ఈ కిట్ గీసినాయన ఎవరోగానీ, ఒక మనిషిని ఆ ఇంట్ల నిలబెట్టి గీసిండు.

ఈ పని చేసేటోళ్ళల బాగ నడిచే ఇంకో కొలత 1:12. అంగుళానికి అడుగు. ఇంగ్లండుల విండ్సర్ కోటల క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉన్నది, అది ఆ కొలతే. 1921 నుంచి 1924 దాకా కట్టిన్రు. గీసింది ఎడ్విన్ లుట్యెన్స్, ఢిల్లీల ఇప్పటి రాష్ట్రపతి భవన్ గీసినాయనే. అందుల నల్లాలకు నీళ్ళు వచ్చేటట్టు, లైట్లు వెలిగేటట్టు, లిఫ్టు నడిచేటట్టు కట్టిన్రు. అంత పెద్ద భవనాలు గీసిన మనిషి ఇంత చిన్నదాని మీద కూడా అంతే శ్రద్ధ పెట్టిండంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. 1:24 అంటే దాంట్ల సగం కొలత. అదే గది, నిలువుల సగం, అడ్డంల సగం, లోతుల సగం. బల్ల మీద జాగ తక్కువ పడ్తది, ధర తక్కువ, కానీ బట్టతోని పని మాత్రం చాలా కష్టమైతది. ఎందుకో చెప్త.

చెక్క పని గురించి తొందరగ చెప్పి పోత, ఎందుకంటే అక్కడ చెప్పనీకె తప్పు లేదు. రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకల మీద ప్రతి ముక్క లేజర్‌తోని కోసి, పక్కన అచ్చరం, నంబరు వేసి ఉన్నది. వేలితోని నెడితే ఊడి వస్తది. పండ్లు పండ్లుగ కోసిన అంచులు ఒకదాంట్ల ఒకటి కూసుంటయి, మూలమట్టం పెట్టి చూసినా గోడలు తప్పలేదు. లేజర్‌తోని కాలిన అంచు గోధుమ రంగుల ఉంటది, కొద్దిగ పొగ వాసన వస్తది. సన్న గరుకు కాగితంతోని రుద్దితే పోతది. పైకి కనపడే అంచులు తప్పకుండ రుద్దాలె, అతికే అంచులకు అక్కర లేదు. అక్కడ ఎక్కువ రుద్దితే బిగువు పోతది. ఒక్క మాట: రెండు మిల్లీమీటర్ల బల్ల చెక్క అసలు కొలతల దాదాపు రెండు అంగుళాల మందమైతది. మిషన్ బల్లకు అంత మందం ఎవ్వరు పెట్టరు. బల్ల అంచును కింది దిక్కు నుంచి ఏటవాలుగ రుద్దిన. ముందు నుంచి చూస్తే ఇప్పుడు సన్నగ కనపడ్తది. అదొక్కటి చేస్తే సామానంతా తేలికపడ్తది.

ఇగ బట్ట.

కిట్ల బట్టల సంచి వేరే ఉన్నది. పరదాలకు ఒక తెల్ల లేసు ముక్క, మంచానికి పూల అచ్చు కాటన్, సోఫాకు ముదురు నీలం బట్ట, దుకాణంల బొమ్మకు గౌను కోసం ఒక గులాబి రంగు సాటిన్. విప్పి చేతుల పట్టుకోంగనే తెలిసింది, ఇది ఏదో కార్ఖానల మిగిలిన బట్ట తెచ్చి నలుచదరంగ కోసి పెట్టింది అని. చెక్క గీసిన మనిషికి, బట్ట ఎంచిన మనిషికి మాటలు కలిసినట్టు లేవు. పరుపు మీద పువ్వు అర అంగుళం ఉన్నది. 24తోని గుణిస్తే అడుగు పువ్వు. అడుగు పువ్వున్న దుప్పటి ఎవరింట్లనన్న ఉంటదా? సోఫా బట్ట మందం మిల్లీమీటరు కన్నా ఎక్కువ. అసలుల అది అంగుళం మందం గొంగడి అయితది. మూలల దగ్గర మడత కూసోదు, ఉబ్బి నిలబడ్తది.

బొమ్మరిల్లు కట్టేటోళ్ళు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే. చెక్కను చిన్నగ కోస్తే చిన్న చెక్క అయితది. బట్టను చిన్నగ కోస్తే అది చిన్న బట్ట కాదు, పెద్ద బట్ట ముక్క. దాని పోగు చిన్నగ కాదు, దాని బరువు చిన్నగ కాదు. పరదా ఎందుకు జారుతది? ఆరడుగుల బట్ట బరువు కిందికి గుంజుతది కాబట్టి. మూడంగుళాల బట్టకు ఆ బరువు ఉండదు. అందుకే అది కిందికి జారకుండ పక్కకు విచ్చుకొని నిలబడ్తది. కుట్టు సంగతి చూడండి. మనం మిషన్ మీద మామూలుగ వేసే కుట్టు రెండున్నర మిల్లీమీటర్లు. 24తోని గుణిస్తే 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైన పొడుగు కుట్టు. దారం మందం పావు మిల్లీమీటరు అనుకున్నా, ఆ ఇంట్ల అది ఆరు మిల్లీమీటర్ల తాడు. అందుకే ఇంత కొలతల సూది దారం పని చెయ్యదు. ఇరవై నాలుగు గంటలు మిషన్ మీద కూసునే నాకు అది ఒప్పుకొనుడు కష్టమే అయింది, కానీ లెక్క లెక్కే.

మరి ఏం పని చేస్తది? పాత మల్ బట్ట. బాగ ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచె ముక్క అన్నిటికన్నా మంచిది. బ్లౌజు లైనింగు కాటన్ దాని తర్వాత. కొత్త బట్టల గంజి ఉంటది, వంగదు. ముందు వేడి నీళ్ళల నానబెట్టి ఆరేసుకోవాలె. లేసు ముక్కను పక్కకు పెట్టి పరదాలు నేను మల్‌తోని చేసిన. పద్ధతి ఇది: బట్టను పలచటి గంజిల ముంచి, పండ్ల దువ్వెన మీద పరిచి, ఒక్కో సందుల సూదితోని నొక్కుకుంట పోవాలె. కుచ్చులు అన్నీ ఒక్క తీరుగ పడ్తయి. ఆరినంక తీసి, థర్మోకోల్ మీద గుండు పిన్నులతోని కిందికి గుంజి పెట్టి, ఇంకోసారి తడి చేసి ఆరబెడితే అప్పుడు బట్ట నిజంగ వేలాడినట్టు నిలబడ్తది. బరువు చెయ్యాల్సిన పని గంజి చేస్తది.

అంచు మడత కూడా కుట్టొద్దు. బ్లౌజు మెడలకు ఇస్త్రీతోని అతికే పేస్టింగ్ ఉంటది గదా, అందుల అన్నిటికన్నా పలచనిది తీసుకొని బట్ట వెనుక అతికించి, అప్పుడు కత్తిరిస్తే పోగులు లేవవు, మడతతోని పనే ఉండదు. సోఫాకు, కుర్చీ మెత్తకు ఇదే చేసిన. కిట్ ఇచ్చిన నీలం బట్టను వాడలేదు. ఒక కస్టమరు లైనింగు మిగిలితే ఇయ్యబోయిన, వద్దక్కా అన్నది. ఆ ముదురు ఎరుపు ముక్కే ఇప్పుడు సోఫా మీద ఉన్నది.

నారాయణపేట చీర ముక్క పెట్టాలెనని నాకు మొదటి నుంచి మనసుల ఉండె. పాలమూరు టైలరు చేసిన ఇంట్ల నారాయణపేట లేకుంటె ఎట్ల? కానీ ఆ చీర గళ్ళు పావు అంగుళం ఉన్నా ఈ ఇంట్ల ఆరంగుళాల గళ్ళయితయి. పెద్ద అంచు అయితే గోడంత వస్తది. అంచును దగ్గర పెట్టుకొని చూస్తే, గుడి బొమ్మల వరుసకు పైన, ఒడలు, అంటే చీర నడిమి బట్ట, మొదలయ్యే కాడ, ఒక సన్న గీత నడుస్తది. రెండు మిల్లీమీటర్లు. ఆ గీతను, దానికి ఆనుకొని ఉన్న ఒడలు బట్టను కలిపి కోస్తే, రెండంగుళాల అంచున్న చీర తయారయింది! అట్ల కోసిన ముక్కలను గట్టి కాగితం మీద చుట్టి, అర అంగుళం పొడుగు మడతలుగ చేసి దుకాణం అల్మారాల పేర్చిన. కిట్ ఇచ్చిన అల్మారాకు నాలుగు అరలు. వాళ్ళు అక్కడ అచ్చు కాగితం పుస్తకాలు పెట్టమన్నరు. టైలరు దుకాణంల అన్ని పుస్తకాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అక్కడ చీరలు, బ్లౌజు పీసులు ఉన్నయి.

గులాబి సాటిన్ గౌను కూడా చెయ్యలేదు. దుకాణంల నిలబెట్టే బొమ్మకు నేను బ్లౌజు వేసిన. 36 ఛాతీ బ్లౌజుకు ఇక్కడ ఛాతీ చుట్టు ఒకటిన్నర అంగుళం. చేతి పొడుగు పది అంగుళాలయితే, ఇక్కడ సెంటీమీటరు. మామూలు బ్లౌజుకు చేసినట్టే పేపర్ కటింగ్ వేసుకున్న, ముందు భాగం, వెనుక భాగం, చేతులు. డాట్లు, అంటే ఛాతీ ఆకారం కోసం పట్టే మడత కుట్లు, మాత్రం పట్టలేం. మడత మందమే డాటు కన్నా ఎక్కువైతది. బట్టను గంజితోని తడిపి బొమ్మ మీదనే వేలితోని ఒత్తి ఆకారం తెచ్చి, ఆరినంక అంచులు కలిపి అతికించిన. వెనుక మెడ కుండ ఆకారం కోసిన. చూసిన ఆడోళ్ళందరు ముందు ఆ మెడనే చూస్తున్నరు.

కిట్ల నాకు మస్తు నచ్చిన సామాను కుట్టు మిషన్. వేలి గోరంత చెక్క ముక్కలు పొరలు పొరలుగ అతికించి తయారు చెయ్యాలె. నల్ల రంగు మనమే వెయ్యాలె. చక్రం కుడి దిక్కే ఉన్నది, సూది ఎడమ దిక్కే ఉన్నది. కింద కాలు పెట్టే జాలి కూడా లేజర్‌తోని కోసి ఇచ్చిన్రు, దాని పక్కన పెద్ద చక్రం. ఎక్కడో ఒక పాత కాలు మిషన్ ముందర పెట్టుకొని గీసినట్టున్నరు. లేనిది ఒక్కటే, బెల్టు. కింది చక్రానికి, మీది చక్రానికి మధ్య బెల్టు లేకుంటె ఆ మిషన్ ఎట్ల నడుస్తది? గోధుమ రంగు బటన్‌హోల్ దారం మైనంల గుంజి, బల్లకు రెండు సన్న బెజ్జాలు పెట్టి వేసిన. బెల్టు మందం సరిగ్గ కుదిరింది. బట్ట కుట్టనీకె లావు అనుకున్న దారమే ఇక్కడ కొలతకు వచ్చింది.

అట్లనే ఇంకో చోట కూడా కొలతకు వచ్చింది. కిట్ల మీది గదికి ఇచ్చింది తలాపు పలక ఉన్న పెద్ద మంచం. దాన్ని నేను చేసిన, బాగున్నది, కానీ బయట డాబా మీద ఖాళీ జాగ ఉండె. అక్కడ పుస్తకంల గొడుగు, కాఫీ బల్ల చూపించిన్రు. నేను నులక మంచం వేసిన. ఆరడుగులు మూడడుగుల మంచం అంటే ఇక్కడ మూడంగుళాలు, ఒకటిన్నర అంగుళం. పట్టెలకు లేజర్ పలకలల మిగిలిన చెక్క, కాళ్ళకు పండ్లు కుట్టుకునే పుల్లలు. నులక తాడు అసలుది ఎనిమిది మిల్లీమీటర్లు అనుకుంటే, ఇక్కడ మిల్లీమీటర్ల మూడో వంతు. రెండు పోగులు కలిపి పేనిన మామూలు కుట్టు దారం సరిగ్గ అంతే. బ్లౌజు ఇచ్చిపోవనీకె వచ్చిన ఒక ముసలామె, నేను అల్లుతుంటే పక్కన కూసొని చూసింది. "కాళ్ళ దిక్కు జానెడు ఇడిసిపెట్టు బిడ్డా, బిగించే తాడు వెయ్యాలె. లేకుంటె వదులైతది" అన్నది. జానెడు అంటే ఇక్కడ సెంటీమీటరు కన్నా కొంచెం తక్కువ. ఇడిసిపెట్టి, తాడు వేసి బిగించిన. ఆమె బ్లౌజు సంగతి మరిచి ఆ మంచం మీద చాలాసేపు వేలు పెట్టి చూసింది.

కింద దుకాణంల కూడా కిట్ ఇచ్చిన చెక్క గీతల కాగితం పరచలేదు. మా దిక్కు దుకాణాలల బండలే ఉంటయి. రెండడుగుల తాండూరు బండ ఇక్కడ అంగుళం చదరం. గట్టి అట్టను అంగుళం ముక్కలు కోసి, బూడిద రంగుల కొద్దిగ నీలం కలిపి, ఒక్కో ముక్కకు ఒక్కో పాళ్ళల వేసిన. బండలన్నీ ఒక్క రంగు ఉండవు గదా. సందులల సిమెంటు రంగు వేసినంక ఆ దుకాణం మా ఊరుదైంది.

మొక్కలు, వంట గిన్నెలు, గోడ పటాలు గురించి ఎక్కువ చెప్పేది లేదు. కాగితం ఆకులు కోసి తీగకు చుట్టాలె, పూసలను గిన్నెలుగ మార్చాలె. పని విసుగు పుట్టదు, ఫలితం బాగుంటది. బట్టలు ఆరేసే హ్యాంగర్లు తీగతోని వంచుకునేవి మాత్రం చాలా చక్కగ ఉన్నయి. కొలత కాగితం మీద గీసి ఇచ్చిన్రు, దాని మీద పెట్టి వంచితే అన్నీ ఒక్క తీరుగ వస్తయి.

గమ్ము పెట్టెల రాదు. మామూలు తెల్ల ఫెవికాల్ చెక్కకు, అట్టకు సరిపోతది. చెక్కకు చుక్క చాలు; ఎక్కువైతే పక్కకు కారి, ఆరినంక ఆ మచ్చ మీద రంగు పట్టదు. బట్టకు ఫెవికాల్ నేరుగ పూస్తే ముందుకు నాని మచ్చ పడ్తది. కుందన్లు అతికే ఫ్యాబ్రిక్ గ్లూ బట్టకు మంచిది. కాగితం మీద సన్నగ పూసి, కొంచెం ఆరనిచ్చి అప్పుడు బట్ట అద్దాలె. ఫెవిక్విక్ సంగతి మాత్రం గట్టిగ చెప్తున్న. దాన్ని కాటన్ బట్టకు, దూదికి అంటించొద్దు. నూలు తగలంగనే అది ఒక్కసారి వేడెక్కుతది, పొగ కూడా రావచ్చు, వేలు కాలుతది. కిటికీల పారదర్శక పలకల దగ్గర కూడా వాడొద్దు, దాని ఆవిరి తగిలిన చోటల్లా తెల్లగ మంచు పట్టినట్టు అయితది, తుడిస్తే పోదు. ఆ పలకలకు రెండు దిక్కుల సన్న పొర అతికి ఉంటది, అది రెండు దిక్కుల తియ్యాలె. ఒక దిక్కు తీసి ఇంకో దిక్కు మరిస్తే గాజు మసకగ ఉన్నదని మనకే అనిపిస్తది.

లైట్లు ఈ కిట్‌కు ప్రాణం, దాని పుస్తకం మాత్రం పెద్ద లోపం. లైట్ల తీగలు ఎట్ల పోవాల్నో చూపించే పేజీ చివర్ల పెట్టిన్రు. కానీ తీగలు పోవాల్సింది గోడ కాగితం కింది నుంచి, మీది అంతస్తు పలక సందుల నుంచి. పుస్తకం వరుసల పోయి గోడలు అతికించినంక ఆ పేజీ తెరిస్తే తీగకు తోవ ఉండదు. బట్ట కోసే ముందు అన్ని కొలతలు చూసుకున్నట్టే, ఈ పుస్తకాన్ని చివరి దాకా చదివి, అప్పుడు మొదటి ముక్క ఊడదియ్యాలె. కొనేటోళ్ళు ఇదొక్కటి గుర్తు పెట్టుకోండ్రి.

తీగలు కలుపనీకె మా తమ్ముని పిలిచిన. కరెంటు పని చేస్తడు. చిన్న ఎల్ఈడీలు, ఎరుపు నలుపు తీగలు, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీల డబ్బా. బ్యాటరీలు కూడా పెట్టెల రావు, మనమే కొనుక్కోవాలె. "అక్కా, ఒక దాని తోక ఇంకోదాని తలకు కడితే ఒక్కటి కూడా వెలగదే" అన్నడు. "ఒక్కో లైటుకే మూడు వోల్టులు కావాలె. నీ డబ్బాల ఉన్నదే మూడు. అన్ని ఎరుపులు ఒక దిక్కు, అన్ని నలుపులు ఒక దిక్కు కలుపు." అట్లనే చేసినం. తీగ కొన గిల్లేది బ్లేడుతోని కాదు, గోరుతోని నొక్కి గుంజితే సన్న పోగులు తెగవు. కలిపిన చోట వేడికి బిగిసే గొట్టం ముక్కలు కిట్లనే ఇచ్చిన్రు. అగ్గిపెట్టె మంట చాలు, దగ్గర పెట్టకుండ దూరం నుంచి చూపించాలె. లైటు రంగు పసుపు తెలుపు, రాత్రి బాగుంటది. ఒక్క మాట, బ్యాటరీ డబ్బా ఇంటి వెనుక బయటనే వేలాడ్తది. దాన్ని దాచే జాగ కిట్ల లేదు. నేను వెనుక గోడకు అట్టతోని నీళ్ళ ట్యాంకు ఆకారం కట్టి అందుల పెట్టిన.

ఇప్పుడు ఎవరికి కొనాలె అన్న సంగతి. అమ్మేటోళ్ళు బొమ్మల వరుసల పెడుతరు కాబట్టి చాలామంది చిన్నపిల్లల పుట్టినరోజుకు అనుకుంటరు. ఇది చిన్నపిల్లల వస్తువు కాదు. ముక్కలు బియ్యపు గింజంత ఉంటయి, పదును పట్టకర్ర ఉంటది, తీగలు ఉంటయి. కొన్ని కిట్లల ట్రిపుల్ ఏకు బదులు సీఆర్2032 అనే గుండీ బ్యాటరీ వస్తది. చిన్నపిల్లలు దాన్ని మింగితే గొంతు కింది గొట్టంల ఇరుక్కొని రెండు గంటలల్లనే లోపల కాలవచ్చు. ఇంట్ల పాకే పిల్లలుంటె గుండీ బ్యాటరీ కిట్ తెచ్చుకోవద్దు. ఎట్లనైన తెచ్చుకుంటె డబ్బాకు స్క్రూ మూత ఉన్నదా లేదా చూసి, మింగిన అనుమానం వస్తే ఒక్క నిమిషం ఆగకుండ దవాఖానకు పోవాలె.

బొమ్మరిండ్లు మొదటి నుంచి పెద్దోళ్ళ పనే. ఆమ్‌స్టర్‌డామ్‌ల రైక్స్ మ్యూజియంల పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అనే ఆమె బొమ్మరిల్లు ఇప్పటికీ ఉన్నది. 1686 నుంచి 1710 మధ్య దాన్ని చేయించుకున్నది. పెద్ద ఇంటి ఇల్లాలు, తన కోసం తను. ఆడోళ్ళు ఇంటి పని, దుకాణం పని అయిపోయినంక తమ చేతికి నచ్చిన పని ఒకటి పెట్టుకుంటె, "పిల్లల ఆట" అని పక్కకు తోసేటోళ్ళకు ఈ మాట చెప్తున్న. ఇంటర్ చదివే పిల్లలకు, చేతి పని తెలిసినోళ్ళకు, ఓపికగ కూసునేటోళ్ళకు ఇది బాగ నచ్చుతది. నలభై దాటినోళ్ళు దగ్గరి చూపు అద్దాలు, మంచి లైటు తప్పకుండ పెట్టుకోవాలె. పగటి పూట కిటికీ దగ్గర పనిచేస్తే కంటికి భారం తక్కువ.

ఖర్చు లెక్క: కిట్ 2,400. గమ్ములు, రంగులు, బ్యాటరీలు, గరుకు కాగితం కలిపి ఇంకో 500 దాకా అయినయి. బట్టలకు నాకు ఖర్చు లేదు. మీ దగ్గర బట్ట ముక్కలు లేకుంటె దగ్గరి టైలరును అడగండ్రి, సంచి నిండ ఇస్తరు. కిట్ల బట్ట మాత్రం నమ్ముకోవద్దు. చెక్కకు, కొలతకు, మిషన్‌కు నా దిక్కు నుంచి నిండు మార్కులు. బట్టలకు సగం కూడా ఇయ్య. పుస్తకానికి సగం. మొత్తం మీద పైసలు దండుగ కాలేదు, తెలిసినోళ్ళు అడిగితే కొనుమనే చెప్తున్న.

విడిగ సామాను కొని ఇందుల పెట్టాలెననుకునేటోళ్ళు 1:24 అని రాసి ఉన్నదే కొనాలె. ఆన్‌లైన్‌ల ఎక్కువ కనపడేది 1:12 సామాను, దాని కుర్చీ ఈ ఇంట్ల రెండింతలు పెద్దగ కనపడ్తది. పైన కప్పనీకె పారదర్శక మూత వేరే అమ్ముతరు. బట్టలు ఉన్న బొమ్మరిల్లుకు అది తప్పనిసరి, ఎందుకంటే గంజి పెట్టిన బట్టకు పురుగు వస్తది, దుమ్ము పట్టితే దులపలేం. ఎండ నేరుగ పడే చోట పెట్టొద్దు, ఎరుపు, నీలం తొందరగ వెలుస్తయి. నా ఇల్లు దుకాణంల కౌంటరు మీద, కొలతల పుస్తకం పక్కన ఉన్నది. తర్వాత 1:12 కొలతల ఒకటి తీసుకుంట. అందులనన్న డాటు పట్టి చూడాలె.